పీతాంబరం మాస్టారి నమూనా గూడు

పొలాల మధ్య పాడుబడిన దిగుడుబావి ఒకటుంది. మనుషులు దాన్ని మర్చిపోయి చాలా కాలమైంది గానీ ఆకాశం మర్చిపోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ నీళ్ళలో మొహం చూసుకుని పోతుంది. ఆ బావి మీదికి ఒక ఈతచెట్టు వంగి ఉంటుంది. దాని మట్టల చివర్న గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుంటాయి. గాలి వీస్తే చెట్టు జుంకాలు ఊపుకున్నట్టుంటుంది.

ఆ చెట్టు మీదే పీతాంబరం మాస్టారి బడి.

మాస్టారూ గిజిగాడే. తలమీద పసుపు, గొంతు మీద నలుపు, నడకలో కొంచెం ఠీవి. ముక్కు చివర ఎడమవైపు చిన్న నొక్కు. కుర్రతనంలో తుమ్మముల్లుతో పోట్లాడినప్పుడు విరిగిందని చెప్పేవాడు. గూడు అల్లడం ఆయన దగ్గరే నేర్చుకోవాలని చుట్టుపక్కల చెట్లవాళ్ళందరూ అనేవారు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఈతమట్ట నుంచి పచ్చి పీచు చీల్చి, ఒక కొస తన ముక్కుతో పట్టుకుని, రెండో కొస పిల్లాడి ముక్కుకి అందించేవాడు.

"నేను వదిలినప్పుడు నువ్వు బిగించు. నేను బిగించినప్పుడు నువ్వు వదులు. ముడి అంటే ఇంతే నాయనా" అనేవాడు.

ఇంతే అనేవాడు గానీ, అది రావడానికి నూకరాజుకి పదకొండు రోజులు పట్టింది.

నూకరాజు ఆ ఏటి పిల్లల్లో అందరికంటే మెల్లగా నేర్చుకునేవాడు. పోయినేడు వానలు వెళ్ళిపోతుంటే పుట్టాడు. పీచు ముక్కున పట్టుకుంటే మబ్బులు చూసేవాడు, మబ్బులు చూస్తే పీచు జారవిడిచేవాడు. తోటిపిల్లలు ఎగిరిపోయాక కూడా మాస్టారు వాడి ఎదురుగా కూర్చుని, ఒక్క మాట కసరకుండా, పదకొండు రోజులు అదే ముడి వేయించాడు. పన్నెండో రోజు ముడి పడింది. ఆ రోజు నూకరాజుకి మాస్టారి తలమీద పసుపు పొద్దు పొడుపులాగా కనిపించింది. ఆయన కోసం ప్రాణమైనా ఇచ్చేద్దామనుకున్నాడు.

మాస్టారు ప్రాణం అడగలేదు. నమూనా గూడు కొనమన్నాడు.

అది ఆ బడి పద్ధతి. ముడులు అయిపోయాక ప్రతి పిల్లాడూ మాస్టారు స్వయంగా అల్లిన పిడికెడంత నమూనా గూడు ఒకటి తీసుకోవాలి. దాన్ని చూసి పెద్దగూడు అల్లాలి. పరీక్షనాడు మాస్టారు వచ్చి, నమూనా పక్కనపెట్టి గూడు చూసి, సరిగ్గా ఉంటే లోపల ముక్కుతో తడిమట్టి బొట్టు పెడతాడు. బొట్టున్న గూడు పాసు. నమూనాల్లోనూ ఆయన బొట్టు ఉంటుంది. నమూనా ఖరీదు నలభై పచ్చి పీచులు.

"నలభై అంటే నా గూడు సగం అయిపోతుంది మాస్టారూ" అన్నాడు నూకరాజు. "మట్టలన్నీ అప్పుడే చీల్చేశారు. లేత ఆకు ఎక్కడా లేదు."

"నమూనా లేకుండా ఏం చూసి అల్లుతావు?"

"పోయినేటివి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుంటాను."

మాస్టారు మెడ పైకి లాగాడు. "పోయినేటిది చెల్లదు. పాఠం మారింది. ఈ ఏడు గొట్టం పడమటికి తిప్పాం. పరీక్షలో ఈ ఏటి నమూనా చేతిలో లేనివాడి గూడు నేను చూడను."

గొట్టం అంటే గూటికి దారి. సంచీలాంటి గూటి కిందనుంచి ఏనుగు తొండంలా వేలాడుతుంది. దాంట్లోంచే లోపలికి పోవాలి, రావాలి.

పక్క మట్ట మీద ముత్యాలు తన కొత్త నమూనాని అటూ ఇటూ తిప్పుకుంటూ నవ్వాడు. వాళ్ళ నాన్నకి మూడు ఈతచెట్ల మీద పెత్తనం. "నూకరాజుకి నమూనా ఎందుకు మాస్టారూ? మబ్బుల్ని చూసి అల్లేస్తాడు."

పిల్లలంతా నవ్వారు. నూకరాజు నవ్వలేదు, ఎందుకంటే కింద జొన్నచేను గట్టు మీద పైడి కూర్చుని వింటోంది.

పైడి ఆడ గిజిగాడు. గోధుమరంగు రెక్కలు, తిన్నగా చూసే కళ్ళు. గిజిగాళ్ళలో అల్లడం మగవాళ్ళ పని, చూసి ఎంచుకోవడం ఆడవాళ్ళ పని. గూడు నచ్చితే లోపల మెత్త పరుచుకుని గుడ్లు పెడుతుంది, నచ్చకపోతే ఇంకో గూటికి పోతుంది. నూకరాజు పైడిని చూసిన రోజునుంచీ గూడు అనే మాటకి వాడి మనసులో వేరే అర్థమే లేదు. కానీ పైడివాళ్ళమ్మ ముందే చెప్పేసింది, బొట్టు లేని గూటికేసి చూడనైనా చూడొద్దని.

వానలకి ఇంకా తొమ్మిది రోజులున్నాయన్నారు పెద్దవాళ్ళు. ఈలోగా గూడు కుదరకపోతే ఆ ఏటికి ఇంకేం లేనట్టే.

నూకరాజు దిగులుగా చెట్టు మొదట్లోకి దిగి కూర్చున్నాడు. అక్కడ తొర్రలో ఉడుత ఎర్రమ్మ కాపురం. ఎర్రమ్మ నోటికి ఆ చుట్టుపక్కల జడవనివాళ్ళు లేరు. మనసు మాత్రం వెన్నపూస.

"ఏటిరా నూకరాజూ, మొహం అలాగెట్టావు?"

"నమూనా కొనలేను అత్తా. కొంటే గూటికి పీచు చాలదు. కొనకపోతే గూటికి బొట్టు పడదు."

"ఆ బుల్లి గూళ్ళా?" ఎర్రమ్మ తొర్రలోకి దూరింది. లోపలనుంచే గొంతు వినిపించింది. "నాను వాటిమీదే పడుకుంటన్నాను గదరా. పరీచ్చ అవగానే పిల్లలు కిందకి ఇసిరేత్తారు. మెత్తగుంటాయని ఏరి తెచ్చుకుంటాను. ఇగో సూడు. ఏడేళ్ళవి."

ఒకటి తర్వాత ఒకటి ఏడు నమూనా గూళ్ళు బయటికి దొర్లాయి. అడుగుదైతే మట్టిరంగు తిరిగిపోయింది.

"ఇవి చూసుకోవచ్చా అత్తా? ఎన్ని పీచులివ్వాలి?"

"పీచులు నానేటి సేసుకుంటాను, పచ్చడా? సూసుకో. నిద్దరేల మటుకు నా పరుపు నాకిచ్చీ."

నూకరాజు ఏడింటినీ వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తూ ఉంటే వాడికి ఆకలి గుర్తు రాలేదు. ముడులన్నీ ఒకటే. ఏడేళ్ళలో ఒక్క ముడి మారలేదు, ఒక్క ముడి వదులవలేదు. ఎండిపోయినా, ఎర్రమ్మ బరువుకి నలిగినా అలాగే ఉన్నాయి. మాస్టారంటే వాడికి ఇంకా ఇష్టం పెరిగింది. మారినవి వేరే. ఒక ఏడు గొట్టం పొడుగు, తర్వాతి ఏడు పొట్టి. ఒక ఏడు మెడ సన్నం, తర్వాతి ఏడు మళ్ళీ లావు. కానీ అన్నిటి కంటే అడుగునున్న పాతదాన్ని పట్టుకున్నప్పుడు వాడి కాళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. గొట్టం తూర్పుకి వాలి, మెడ కుదురుగా, ఒక పాటలాగా ఉంది అది.

"అత్తా, ఇదే అన్నిటికంటే బాగుంది."

"అదా? అప్పటికి మాస్టారు అమ్మడం మొదలెట్టలేదురా. ఇష్టమైనోళ్ళకి ఊరికే ఇచ్చేవోడు."

నూకరాజు దాన్ని చూసే తన గూడు అల్లాడు. గొట్టం తూర్పుకే పెట్టాడు. తను ఎందుకు అలా పెట్టాడో చెప్పమంటే చెప్పలేడు. అందంగా ఉందని పెట్టాడు.

పరీక్షరోజు పొద్దున్నే ఈతచెట్టు మీద పిల్లలు అల్లిన ఇరవైతొమ్మిది గూళ్ళు గొట్టాలు పడమటికి తిప్పి వేలాడుతున్నాయి. ఒక్కటి తూర్పుకి. మాస్టారు ముక్కున తడిమట్టి పట్టుకుని ఒక్కో గూటి దగ్గర వాలుతున్నాడు. నమూనా చూడడం, గూడు చూడడం, తల ఊపడం, బొట్టు పెట్టడం. ఆడపక్షులన్నీ జొన్నచేను గట్టున బారుగా కూర్చుని చూస్తున్నాయి.

నూకరాజు గూటి దగ్గర మాస్టారు ఆగాడు. రెండు కాళ్ళతో పట్టుకుని ఊపాడు. ముక్కుతో లాగాడు. గూడు కదల్లేదు. ఒక్క క్షణం ఆయన కళ్ళు మెత్తబడ్డాయి, అది నూకరాజు చూశాడు. తర్వాత మళ్ళీ ఠీవి వచ్చేసింది.

"నమూనా ఏదీ?"

"కొనలేదు మాస్టారూ."

"గొట్టం ఎటుంది?"

"తూర్పుకి మాస్టారూ."

"పాఠం ఏమిటి?"

"పడమటికి అన్నారు."

"మరి?" అని మాస్టారు రెక్క విదిల్చాడు. "తప్పు. బొట్టు లేదు."

నూకరాజు తల దించుకున్నాడు. కింద నీళ్ళలో వాడి గూడు నీడ ఊగుతోంది. ముత్యాలు పక్కనున్నవాడి చెవిలో ఏదో అన్నాడు.

అప్పుడు ఎర్రమ్మ చెట్టెక్కి వచ్చింది. నోట్లో ఒక బుల్లి గూడు ఉంది. పైన రెండు పచ్చి గడ్డిపోచలు చుట్టి ఉన్నాయి. మాస్టారి ముందు పెట్టి, వినయంగా తోక ముడుచుకుంది. ఎర్రమ్మ తోక ముడవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"మాస్టారు బాబూ, కోపం సేసుకోకండి. ఇంకో పిల్లోడున్నాడు. మీ ముందుకి రావాలంటే సిగ్గు. ఆడు అల్లిందిది. ఎలాగుందో ఓ మాట సెప్పండి, ఆడికి సెప్తాను."

మాస్టారు దాన్ని ముక్కుతో దొర్లించి, మట్టకి కట్టే కొస పట్టుకుని నిలబెట్టాడు. గొట్టం తూర్పుకుంది. ఆయనకి అంతే చాలింది.

"ఎవడు వీడు? మెడ లావు. గొట్టం పొట్టి, అదీ తప్పు వైపు. అసలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

"మీ దగ్గరే అంటన్నాడు బాబూ."

"నా దగ్గరా? నా దగ్గర నేర్చుకున్నవాడు ఇలాంటిది అల్లడు. అల్లితే నేను వాడిని బడిలో ఉంచను. విసిరెయ్యి అవతలికి."

"అలాగే. ఇసిరేసే ముందు లోపలోసారి సూడండి. ఏదో బొట్టున్నట్టుంది."

మాస్టారు గొట్టంలో తల పెట్టాడు. చాలాసేపు తల బయటికి తియ్యలేదు. లోపల ఎండిన మట్టి బొట్టు, ఆ బొట్టులో ముక్కు గుర్తు, ఆ గుర్తుకి ఎడమవైపు నొక్కు.

ఆయన తల తీసేసరికి ముత్యాలు కూడా దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. చూసి, పకపకా నవ్వాడు. "మాస్టారిదే. పోయినేటిది. మాస్టారు మాస్టారిని బడిలోంచి తీసేశారు."

చెట్టంతా నవ్వింది. గట్టు మీద ఆడపక్షులు కూడా నవ్వాయి. నూకరాజు మాత్రం నవ్వలేదు. వాడికి మాస్టారి మొహం చూడాలంటే బాధేసింది.

"ఇందులో నవ్వడానికేం లేదు" అన్నాడు మాస్టారు గొంతు సవరించుకుని. "చదువు పెరుగుతూ ఉంటుంది. పోయినేడు అది సరైనదే. ఈ ఏడు ఇదే సరైనది. పాతది పాతదే."

పైడి గట్టు మీదనుంచి లేచి వచ్చి ఎదురు మట్ట మీద వాలింది. కూర్చున్న మట్ట కొంచెం కూడా ఊగలేదు.

"మాస్టారూ, ఒకటి అడగనా? మేం రేపు ఆ గూళ్ళలో ఉండాలి కాబట్టి అడుగుతున్నాను."

"అడగమ్మా."

"ఈ చెట్టు మీద మీకు ఆరు గూళ్ళున్నాయి. అందులో రెండు ఈ నెలలో కట్టినవే, ఇంకా పచ్చగా ఉన్నాయి. అన్నిటికీ గొట్టం తూర్పుకే ఉంది."

ఇరవైతొమ్మిది మంది పిల్లలూ ఒక్కసారి పైకి చూశారు. రోజూ చూసే గూళ్ళే. మాస్టారివి గదా, పెద్దవాళ్ళ పద్ధతి వేరుగా ఉంటుందనుకున్నారు. ఇప్పుడు కొత్తగా కనిపించాయి.

అదే సమయంలో పడమటి కొండ వెనక మబ్బు ఒకటి లేచింది. కాటుక పిడత బోర్లించినట్టుంది. పిల్లలెవరూ వానాకాలం మొదటి గాలి ఎటునుంచి వస్తుందో చూసినవాళ్ళు కారు. పెద్దవాళ్ళకి తెలుసు గానీ, మాస్టారి పాఠంలో వాళ్ళు ముక్కు పెట్టేవాళ్ళు కారు. అది పడమటినుంచే వస్తుంది. గొట్టం పడమటికుంటే వాన తిన్నగా గూట్లోకే పోతుంది.

మాస్టారు ఆ మబ్బును చూశాడు. ఆయన తలమీద పసుపు వెలిసిపోయినట్టైంది.

"మాస్టారూ" అన్నాడు నూకరాజు మెల్లగా. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "పడమటికి ఎందుకు తిప్పారు?"

మాస్టారు తన గూళ్ళ వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు, "పాతవి పనికి రాకుండా చెయ్యాలని, నాయనా. ఏటేటా ఏదో ఒకటి మార్చాలి గదా, లేకపోతే కొత్తది ఎవరు కొంటారు? పొడుగు మార్చాను. మెడ మార్చాను. ఈ ఏడు మార్చడానికి ఇంకేం మిగల్లేదు." కొంచెం ఆగి, "కొండ అడ్డముంది, ఏం కాదులే అనుకున్నాను. ఏం కాదని నాకు నేనే పాసు మార్కులేసుకున్నాను" అన్నాడు.

"బొట్టు కూడా ఎట్టేసుకున్నారు" అంది ఎర్రమ్మ.

"పెట్టేసుకున్నానమ్మా."

ముత్యాలు గొంతులో నవ్వు పోయింది. "ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ? గొట్టాలు విప్పి మళ్ళీ అల్లాలంటే పచ్చి పీచు కావాలి. చెట్టు మీద ఒక్క లేత ఆకు లేదు."

మాస్టారు తన కొత్త గూళ్ళ దగ్గరికి ఎగిరి వెళ్ళాడు. నెలరోజులు కూర్చుని కట్టుకున్నవి. ముక్కుతో మొదటి ముడి పట్టుకుని లాగాడు. ఆయన ముడి ఎవరు లాగినా ఊడదు, ఆయన లాగితే ఊడింది. పచ్చి పీచులు రాలడం మొదలుపెట్టాయి.

"నిలబడి చూస్తారేం, పట్టుకోండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఈతచెట్టు మీద ఎవరి గూడు ఎవరిదో తెలియలేదు. నూకరాజు మొదట ముత్యాలు గూటి గొట్టం విప్పాడు, తర్వాత ఎవరిదో పేరు కూడా తెలియనివాడిది. ఆడపక్షులు పీచులందించాయి. ఎర్రమ్మ మట్టలమీద పరుగులు పెడుతూ, "ఒరే ముత్యాలూ, నీ నాన్న సెట్లు కూడా కొంచెం సీల్చుకు రారా, పెత్తనం అరిగిపోదు" అని పంపించింది. వాడు నిజంగానే వెళ్ళి ముక్కునిండా తెచ్చాడు. మాస్టారు గూటి గూటికీ తిరిగి మెడ దగ్గర పట్టుకునేవాడు, పిల్లాడు తిప్పేవాడు. ఎవరినీ నమూనా అడగలేదు.

పచ్చి గూళ్ళు రెండూ విప్పినా ఇంకా నలుగురు పిల్లలకి పీచు మిగల్లేదు. ఎండిపోయిన పాత గూళ్ళని విప్పి లాభం లేదు, పీచు విరుగుతుంది. మాస్టారు ఒక్కోదాన్నీ ఒక్కో పిల్లాడికి చూపించి, "ఇది నీది" అన్నాడు. మూడు ఇచ్చాడు. నాలుగోదాని దగ్గర ఒక్క రెప్పపాటు ఆగాడు. అది ఆయన ఉండే గూడు. అదీ ఇచ్చేశాడు.

మొదటి చినుకు బావి నీళ్ళలో పడింది. దాని వెనకే పడమటి గాలి, గాలి వెనకే వాన.

ఆడపక్షులు గూళ్ళవైపు ఎగిరాయి. ఏ గూట్లో బొట్టుందో ఏ గూట్లో లేదో చూసే తీరిక ఎవరికీ లేదు. లోపలికి దూరడం, అడుగు లాగి చూడడం, చెమ్మ ఉందా అని మెడ తాకి చూడడం. పైడి నూకరాజు గూట్లోకి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాలేదు. నూకరాజు మట్ట పట్టుకుని తడుస్తూ వేలాడుతున్నాడు.

చివరికి గొట్టంలోంచి తల మాత్రం కనిపించింది. "తడుస్తూ ఎందుకున్నావు? నీ గూడే గదా."

వాడు లోపలికి రాబోతూ వెనక్కి చూశాడు. మాస్టారు మోడు మట్ట మీద ఒక్కడే, రెక్కలు దగ్గరికి ముడుచుకుని ఉన్నాడు.

"మాస్టారూ, లోపలికి రండి."

"ఫర్వాలేదురా. నాకలవాటే."

"మీరు పదకొండు రోజులు నా ఎదురుగా కూర్చున్నారు" అన్నాడు నూకరాజు. "నేనీ పూట మీకు చోటివ్వలేనా?"

మాస్టారు వచ్చాడు. ముగ్గురూ ఆ కొత్త గూట్లో ఒదిగి కూర్చున్నారు. బయట వానా గాలీ కలిసి చెట్టుని ఊపేస్తున్నాయి. లోపల ఒక్క చుక్క లేదు. పచ్చి ఈత వాసన, ముగ్గురి ఒంటి వెచ్చదనం. ఈ లోకంలో ఇంత మంచి చోటు ఉంటుందని నూకరాజు అనుకోలేదు. దాన్ని అల్లింది తనేనంటే ఇంకా నమ్మకం కలగలేదు.

"నూకరాజూ" అన్నాడు మాస్టారు చీకట్లో తడుముతూ. "పొద్దున్న నీ గూడు ఊపి చూశాను. మంచిదని అప్పుడే తెలుసు నాకు. తెలిసే తప్పన్నాను. ఒప్పంటే మిగతా ఇరవైతొమ్మిది మందీ అడుగుతారు గదా, మేమెందుకు కొన్నామని."

"మీ ముడులేగా మాస్టారూ ఇవన్నీ" అన్నాడు నూకరాజు. "నాకు మీమీద కోపం రావట్లేదు. రావాలని చూశాను కూడా."

మాస్టారి ముక్కు అలవాటుగా గోడమీద కదిలింది.

"మెడ దగ్గర ఇంకో రెండు పీచులు పడితే బాగుండేది."

"దానికి కొత్త నమూనా ఏమైనా కొనాలా మాస్టారూ?" అంది పైడి.

మాస్టారు నవ్వాడు. గూడు కొంచెం ఊగింది. "వద్దమ్మా. నాకు తోచింది చెప్పాను. నచ్చితే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి. ఉండేది మీరు."

ఆ మర్నాటినుంచి ఆ బడిలో ముడి నేర్పడం మాస్టారి పని, గూడు చూసి మంచిచెడ్డలు చెప్పడం ఆడపక్షుల పని అయింది. మాస్టారు చెప్పే పాఠం మాత్రం అంతకుముందుకంటే బాగుందని అందరూ అన్నారు.

నీతి: నేర్పేవాడు తన సరుకే కొనమన్నప్పుడు, అది మంచిదో కాదో తేల్చే పని తన చేతిలో ఉంచుకోకూడదు.